మీకు తెలుసా? కాన్పు గట్టెక్కాక గుండెకొచ్చే గండం

పుట్టుకతో లేని జబ్బు, పురిటితో వస్తుంది

అప్పటిదాకా పొలంలో కలుపు తీసిన మనిషి. బీపీ లేదు, షుగర్ లేదు, ఇంట్లో ఎవరికీ గుండె జబ్బు ఉన్నట్టు ఎరగరు. అలాంటి మనిషికి కూడా నిండు నెలల్లోనో, కాన్పయిన కొద్ది వారాలకో గుండె కండరం ఉన్నట్టుండి నీరసించిపోవచ్చు. రక్తనాళాల్లో అడ్డంకి ఉండదు, కవాటాలు బాగానే ఉంటాయి. కండరమే సాగిపోయి, పిండే బలం కోల్పోతుంది. దీని పేరు పెరిపార్టమ్ కార్డియోమయోపతి. దవాఖాన చీటీ మీద పీపీసీఎం అని పొట్టిగా రాస్తారు.

గర్భం చివరి నెల మొదలు కాన్పు తర్వాత అయిదు నెలల దాకా అనే గడువును 1971లో అమెరికా వైద్యులు డెమాకిస్, రహీమ్‌తులా ఖరారు చేశారు. 2010లో యూరప్ గుండె వైద్యులు దాన్ని కాస్త సడలించారు. గడువు అటూ ఇటూ అయినా సరే, వేరే కారణం దొరక్కుండా గుండె పంపింగ్ 45 శాతం కంటే తగ్గితే దాన్ని ఈ జబ్బుగానే చూడాలన్నారు. ఎక్కువ మందిలో ఇది బయటపడేది కాన్పు తర్వాతే, అందులోనూ మొదటి నెలలో.

ఎంత మందికి వస్తుంది? దక్షిణ భారతంలోని ఒక పెద్దాసుపత్రి లెక్క 2009లో అచ్చయింది. 1,374 కాన్పులకు ఒకటి. పెద్దాసుపత్రికి నలుదిక్కుల నుంచీ ముదిరిన కేసులు వస్తాయి కాబట్టి ఆ అంకెను మన నిజామాబాద్ జిల్లాలోని ఎడపల్లికో వర్నికో ఉన్నదున్నట్టు అంటగట్టలేం. జపాన్‌లో సుమారు 20 వేల కాన్పులకు ఒకటి, హైతీలో 300కు ఒకటి, ఉత్తర నైజీరియాలోనైతే కొన్నిచోట్ల నూటికి ఒకటి. ఒకే జబ్బుకు ఇంత తేడా ఎందుకన్నది వైద్యులను నేటికీ తొలుస్తున్న ప్రశ్న.

పురిటి గుండె జబ్బు ప్రస్తావన వైద్య గ్రంథాల్లో 1849 నుంచే ఉంది. ఇది మిగతా గుండె జబ్బుల్లాంటిది కాదు, కండరానికి వచ్చే వేరే జబ్బు అని ఫిలడెల్ఫియా వైద్యులు వివరంగా రాసింది 1937లో.   అయినా జబ్బు సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు.

కడుపుతో ఉన్న మనిషి గుండె ఎంత లాగుతుంది?

మామూలు రోజుల్లో పెద్దమనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోడుతుంది. గర్భం వచ్చాక ఒంట్లో రక్తం మోతాదు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది, ఎనిమిదో నెల నాటికి పతాక స్థాయికి చేరుతుంది. నాడి నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఎకరానికి పెట్టిన బోరు మోటారుకే ఒకటిన్నర ఎకరం చెరకు తగిలించినట్టన్నమాట. మంచి మోటారు లాగేస్తుంది. వైండింగ్ వీకైన మోటారుదే చిక్కంతా.

నొప్పుల సమయంలో ఇంకో సంగతి జరుగుతుంది. గర్భసంచి బిగుసుకున్న ప్రతిసారీ 300 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తం ఒక్కసారిగా తల్లి రక్తప్రవాహంలోకి వెనక్కి వస్తుంది. బిడ్డ బయటపడ్డ మరుక్షణం ఇంకా ఎక్కువ. అప్పటిదాకా పెద్ద రక్తనాళం మీద ఉన్న ఒత్తిడి తొలగిపోతుంది, ముడుచుకున్న గర్భసంచి తనలోని రక్తాన్ని నెట్టేస్తుంది, గుండె మీద భారం కాన్పుకు ముందున్న దానికంటే 60 శాతానికి పైగా పెరగొచ్చు. బయట వరండాలో చుట్టాలు మిఠాయి పంచుకునే ఆ గంటే లోపల గుండెకు అన్నిటికంటే గడ్డు గంట. కాళ్లల్లో, ఒంట్లో చేరిన నీరు మళ్లీ రక్తంలోకి రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే గుండె బలహీనంగా ఉన్న బాలింతను కాన్పయ్యాక కనీసం ఒకటి రెండు రోజులు ఐసీయూ తరహా నిఘాలో ఉంచాలంటారు. తల్లీ బిడ్డా క్షేమం అని మూడో నాడే ఇంటికి తోలుకుపోతామని డాక్టర్ మీద పడేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి.

రెండు దిండ్ల పరీక్ష

ఈ జబ్బుతో ఉన్న పెద్ద పేచీ ఏమిటంటే, దీని లక్షణాలన్నీ మామూలు గర్భిణిలోనూ కనిపిస్తాయి. ఆయాసం, కాళ్ల వాపు, అలసట, గుండె దడ. నిండు నెలల్లో ఇవి లేనిదెవరికి? కాన్పు తర్వాత వస్తే జవాబులు సిద్ధంగా ఉంటాయి. రక్తం తక్కువ, నిద్ర చాలట్లేదు, పాలిచ్చే పిల్ల కదా అంటారు. నిజానికి ఆ జవాబులు చాలాసార్లు నిజమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇన్ని ఆయాసాల మధ్య గుండెది ఎక్కడో ఒకటి. ఆ ఒక్కటి తప్పిపోవడానికి కారణం కూడా ఈ మిగతావే.

హైతీలో ఏళ్ల తరబడి ఈ రోగులను చూసిన అమెరికన్ వైద్యుడు జేమ్స్ ఫెట్ ఆరు ప్రశ్నల పట్టీ ఒకటి తయారుచేశారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడట్లేదా? నడిస్తే ఆయాసమా? కారణం తెలియని దగ్గు ఉందా? కాళ్ల వాపు మోకాళ్ల దాకా పాకిందా? చివరి నెలలో బరువు ఒక్కసారిగా పెరిగిందా? గుండె దడదడలాడుతోందా? ఒక్కో దానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేసి, మొత్తం 5 గానీ అంతకు మించి గానీ వస్తే గుండెను పరీక్షించమంటారు. ఇందుకు యంత్రం అక్కర్లేదు. ఆశా కార్యకర్త గుమ్మంలో కూర్చుని అడిగి రాసుకోవచ్చు.

ఆ ఆరింటిలో నన్నడిగితే మొదటిదే కీలకం. నిన్నటిదాకా ఒక్క దిండు మీద పడుకున్న మనిషి ఇవాళ రెండు దిండ్లు అడుగుతోందంటే, అర్ధరాత్రి లేచి కిటికీ దగ్గర కూర్చుంటోందంటే, పడుకోగానే పొడి దగ్గు తెర మొదలవుతోందంటే అది ఒట్టి రక్తహీనత ఆయాసం అనుకోకూడదు. రక్తం తక్కువైన మనిషికి నడిస్తే రొప్పు వస్తుంది, పడుకుంటే నెమ్మదిస్తుంది. గుండె వీకైన మనిషికి పడుకుంటేనే ఊపిరితిత్తుల్లో నీరు ఎగదట్టి ఆయాసం ఎక్కువవుతుంది.

ఖలీల్‌వాడిలో పావుగంట పని

తేల్చే పరీక్ష 2డి ఎకో. కడుపులో బిడ్డను చూసే స్కానింగ్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే, శబ్ద తరంగాలతో గుండెను చూస్తుంది. రేడియేషన్ లేదు, బిడ్డకు ఏమీ కాదు. ఒక్కసారి సంకోచించినప్పుడు గుండె తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి నెట్టిందో ఇందులో తెలుస్తుంది. డాక్టర్లు పంపింగ్ అనేది దీన్నే. 55 దాటితే మంచిది. 45 కంటే దిగితే జబ్బు. 30 కంటే దిగితే ప్రమాదం. నిజామాబాద్ పట్నంలో దవాఖానల పేట ఖలీల్‌వాడి. అక్కడ ఎకో యంత్రానికి లోటు లేదు. లోటు ఉన్నది బాలింతకు ఎకో తీయాలన్న ఆలోచనకే. ఛాతీ ఎక్స్‌రే అంటే గర్భిణులు భయపడతారు. దాని రేడియేషన్‌లో బిడ్డకు చేరేది లేశమాత్రం, తప్పనిసరైతే తీయించుకోవచ్చు.

బాటిల్ పెట్టించొద్దు

నీరసంగా ఉందంటే వాడకట్టు ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుని రావడం మన ఊళ్లలో పాత అలవాటు. పంపింగ్ తగ్గిన గుండెకు అది విషంతో సమానం. ఉన్న నీటినే బయటికి తోయలేక ఊపిరితిత్తుల్లోకి వదులుతున్న గుండెకు ఇంకో అర లీటరు సెలైన్ తోడైతే, సాయంత్రం నీరసంగా ఉన్న మనిషి రాత్రికి నురగ కక్కుతూ ఊపిరాడక తల్లడిల్లుతుంది. రక్తం ఎక్కించడమూ అంతే. నిజంగా తక్కువైతే ఎక్కించాల్సిందే, కానీ గుండె వీకని తెలిస్తే చాలా నెమ్మదిగా, మధ్యలో మూత్రం ఎక్కువ పోయే ఇంజెక్షన్ ఇస్తూ ఎక్కిస్తారు. తొందరగా ఎక్కించి పంపేయండి సారూ అని చుట్టాలు ఒత్తిడి చేయకూడని పని ఇది.

ఇంట్లో బాలింత పథ్యం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. నీళ్లు ఎక్కువ తాగొద్దు, పొట్ట వస్తుందని పెద్దవాళ్లంటారు. ఆరోగ్యంగా ఉండి పాలిచ్చే తల్లికి అది తప్పు సలహా. గుండె వీకైన తల్లికి డాక్టర్ కూడా నీళ్లకు లెక్క పెడతాడు. మాట ఒకటే, కారణాలు వేరు. అందుకే ఎవరికి ఎన్ని లీటర్లన్నది అత్తగారో డాక్టరో ఒక్కరే చెప్పాలి, నా ఓటు డాక్టర్‌కే. ఉప్పు తగ్గించిన కారప్పొడి ముద్ద తింటే తప్పు లేదు. తొక్కులో, అప్పడాల్లో, ఎండు చేపల్లో ఉండే ఉప్పుతోనే బాధ.

ఉప్పు అంటే ఉత్తర నైజీరియా గుర్తొస్తుంది. అక్కడి హౌసా బాలింతలు నలభై రోజులు సలసల కాగే నీళ్ల స్నానాలు చేస్తారు, కింద మంట పెట్టిన మట్టి అరుగు మీద పడుకుంటారు, చాద్ సరస్సు నుంచి తెచ్చిన కన్వా అనే ఉప్పు వేసిన జావ తాగుతారు. వేడికి గుండె మీద భారం, ఉప్పుకు ఒంట్లో నీరు. అక్కడ జబ్బు అంత ఎక్కువగా ఉండటానికి ఇదే కారణమని 1970లలో జారియా వైద్యులు అనుకున్నారు. తర్వాతి పరిశోధనలు జావ ఒక్కటే దోషి కాదన్నాయి. అయినా వేణ్నీళ్లు, సాంబ్రాణి పొగ, తలుపులు మూసిన గది అంటూ మన పురిటింటి వర్ణన అందులో సగం వినిపించడం మాత్రం నిజం.

ఫైలు అత్తగారింట్లో, మనిషి తల్లిగారింట్లో

మొదటి కాన్పు తల్లిగారింట్లో జరగడం మన ఆచారం. మంచి ఆచారమే, అలసిన మనిషికి అమ్మ చేతి అన్నం దొరుకుతుంది. గుండె జబ్బు విషయంలో మాత్రం దీనికి ఒక తిరకాసు ఉంది. ఏడో నెల దాకా చూసిన డాక్టర్ ఒకరు, కాన్పు చేసిన డాక్టర్ ఇంకొకరు, కాన్పు తర్వాత ఆయాసం వచ్చినప్పుడు చూసే డాక్టర్ మూడో మనిషి. నెలనెలా బరువు ఎంత పెరిగిందో, బీపీ ఎప్పుడు మొదలైందో పోల్చి చూసే కన్ను ఒక్కటీ ఉండదు. బోధన్ దాటి సాలూర దగ్గర మంజీర వంతెన ఎక్కితే మహారాష్ట్ర. బిలోలి, దెగ్లూరు వైపు ఇచ్చి పుచ్చుకునే సంబంధాలు ఇక్కడ మామూలు. అటు మరాఠీలో రాసిన కార్డు, ఇటు తెలుగులో రాసిన కార్డు, రెండూ ఒకే సంచిలో ఉంటే అదే భాగ్యం.

ఇక్కడ చాలా ఇళ్లల్లో భర్త గల్ఫ్‌లో ఉంటాడు. నిర్ణయాలన్నీ వీడియో కాల్‌లో జరుగుతాయి. మనిషి పక్కనుంటే రాత్రి దగ్గు వినపడుతుంది, ఫోన్‌లో వినపడదు. ఈ జిల్లాలో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చుడతారు. కూర్చుని చేసే పని కాబట్టి నడిస్తే వచ్చే ఆయాసం పగలంతా బయటపడదు, వాపులు కూర్చున్నందుకే వచ్చాయనుకుంటారు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు, 2016 నుంచి దేశమంతటా నడుస్తున్న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ ఇది. ప్రమాదం ఉన్న గర్భిణిని ముందే గుర్తించడం దాని పని. కాన్పు తర్వాతి నెలకు ఇంత పేరున్న రోజు ఒకటి లేదు. బిడ్డకు టీకాల తేదీలు కార్డు మీద అచ్చయి ఉంటాయి, తల్లి గుండెకు తేదీ లేదు.

బీపీ ఉంటే ఒక కన్ను ఇటు

గర్భంలో బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా ప్రపంచం మొత్తం మీద నూటికి 3 నుంచి 5 మందికి వస్తుంది. పీపీసీఎం వచ్చిన వాళ్లలోనైతే 22 శాతం మందికి అది ఉందని 2013లో పాత అధ్యయనాలన్నిటినీ కలిపి చూసినప్పుడు తేలింది. కవలలున్నా, వయసు 30 దాటినా ముప్పు ఎక్కువే.

ముందే తెలిసిన జబ్బు అయితే

పైన చెప్పిందంతా కొత్తగా వచ్చే జబ్బు. గర్భానికి ముందే గుండె కండరం సాగిపోయి ఉన్నవాళ్ల కథ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో పంపింగ్ 30 కంటే తక్కువ ఉన్నవాళ్లది నాలుగో తరగతి. పాత కాన్పులో పీపీసీఎం వచ్చి పూర్తిగా కోలుకోనివాళ్లూ అందులోనే. నాలుగో తరగతి అంటే గర్భం వద్దు అని. వచ్చేస్తే కొనసాగించాలా వద్దా అని గుండె డాక్టరు, గైనకాలజిస్టు కలిసి కూర్చుని ఆమెతో మాట్లాడాలి. మన దేశ చట్టం 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయంతో గర్భస్రావానికి ఒప్పుకుంటుంది. తల్లి ప్రాణానికే వెంటనే ముప్పు ఉంటే వారాల లెక్కే లేదు.

గోడ మందంగా పెరిగే హైపర్‌ట్రోఫిక్ రకం ఉన్నవాళ్లలో చాలామంది మాత్రం గర్భాన్ని బాగానే మోస్తారు. గుండె జబ్బు అన్న ఒక్క మాట విని పిల్లలే వద్దని తీర్పు చెప్పేసే చుట్టాలకు ఈ తేడా తెలియదు.

ఏ మాత్ర ఎప్పుడు

గుండె వీకైన వాళ్లకు మామూలుగా వాడే మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు కీడు చేస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటివి బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిస్తాయి. స్పైరోనోలాక్టోన్ కూడా ఆపాలి. వాటి బదులు హైడ్రాలజీన్, నైట్రేట్లు ఇస్తారు. మెటోప్రొలాల్ వాడొచ్చు, బిడ్డ ఎదుగుదలను స్కానింగ్‌లో చూసుకుంటూ ఉండాలి. ఊపిరితిత్తుల్లో నీరుంటే మూత్రం ఎక్కువ పోయే లాసిక్స్ తప్పదు. గర్భంలో రక్తం త్వరగా గడ్డకడుతుంది, పైగా గుండె సరిగా పిండట్లేదు. గుండెలో గడ్డ ఏర్పడి మెదడుకు పోతే పక్షవాతం. అందుకే పంపింగ్ బాగా తగ్గినవాళ్లకు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు, అది మాయ దాటి బిడ్డకు చేరదు.

కాన్పయిన మర్నాటి నుంచి లెక్క మారుతుంది. గర్భంలో కూడని ఎనలాప్రిల్ పాలిచ్చే తల్లికి ఇవ్వొచ్చు. ఈ మార్పు తెలియక పాత చీటీతోనే మెడికల్ షాపులో మందులు కొనుక్కునేవాళ్లున్నారు.

అందరికీ కోత అక్కర్లేదు

తెలంగాణలో 2019-21 సర్వే నాటికి 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి గుండె జబ్బు అనగానే ఇంకేముంది, ఆపరేషనే అనుకుంటారు. పరిస్థితి నిలకడగా ఉన్న గుండె రోగికి నిజానికి మామూలు కాన్పే మేలు. రక్తం తక్కువ పోతుంది, గడ్డలు కట్టే ముప్పూ చీము పట్టే ముప్పూ తక్కువ. నొప్పి తెలియకుండా వెన్నులో మందును కొద్దికొద్దిగా ఇస్తారు, ముక్కే శ్రమ తగ్గించడానికి చివర్లో వాక్యూమో ఫోర్సెప్సో వాడతారు. పడకను తల వైపు ఎత్తి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. ఆయాసం అదుపులోకి రాక ప్రాణం మీదికొస్తే అప్పుడు కోతే.

లేబర్ రూమ్‌లో ఒక చిన్న సీసా గురించి జాగ్రత్త. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మిథర్జిన్ రక్తనాళాలను ఒక్కసారిగా బిగించి బీపీని ఎగదోస్తుంది, వీకైన గుండెకు అది పనికిరాదు. ఆక్సిటోసిన్ ఇస్తారు, అదీ ఒక్కసారిగా కాదు, బొట్టుబొట్టుగా. అందుకే గుండె జబ్బు ఉన్న సంగతి కేస్ షీట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉండాలి, రాత్రి డ్యూటీ నర్సుకు కూడా కనపడేట్టు.

దారిలో కూర్చోబెట్టే తీసుకుపోవాలి

నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి 2013లో మెడికల్ కాలేజీ వచ్చాక బోధనాసుపత్రి అయింది. అక్కడా కుదరని కేసు హైదరాబాద్ పోవాల్సిందే. 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 175 కిలోమీటర్లు, బోధన్ నుంచైతే ఇంకో పాతిక. బిడ్డ కడుపులో ఉండగా తల్లిని తరలించడం, కాన్పు చేసి కుప్పకూలాక తరలించడం కంటే ఎన్నో రెట్లు నయం. పంపింగ్ తక్కువని ఏడో నెలలోనే తెలిసిన మనిషి నొప్పులొచ్చేదాకా ఊళ్లో కూర్చోకూడదు, ఎక్కడ కాన్పు అన్నది ముందే రాసుకోవాలి. అంబులెన్స్‌లో స్ట్రెచర్ మీద చదునుగా పడుకోబెడితే ఆయాసం ఎగదన్నుతుంది. వీపు వెనక ఎత్తు పెట్టి, కాళ్లు కిందికి ఉండేలా కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి తీసుకుపోవాలి. 108 సిబ్బందికి ఇది తెలుసు, సొంత కారులో వెనక సీట్లో పడుకోబెట్టి బయల్దేరే అన్నదమ్ములకు తెలియదు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని వెళ్లండి.

పాలకు, గుండెకు తగువు

ఈ జబ్బులో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచిన ముక్క ఇది. 2007లో జర్మనీ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన పనిలో తేలిందేమంటే, పాలు పడటానికి కావలసిన ప్రొలాక్టిన్ అనే హార్మోను కొందరిలో ముక్కలవుతుంది. ఆ ముక్క గుండెలోని సన్నని రక్తనాళాలను చంపేస్తుంది, కండరానికి తిండి అందదు. మరి ప్రొలాక్టిన్‌నే ఆపేస్తే? బ్రోమోక్రిప్టిన్ అనే పాత మాత్ర ఆ పని చేస్తుంది. 2010లో దక్షిణాఫ్రికాలో కారెన్ స్లివా బృందం 20 మంది బాలింతల మీద పరీక్షించింది. మాత్ర తీసుకున్న పదిమందిలో ఆరు నెలలకు పంపింగ్ సగటున 27 నుంచి 58 శాతానికి ఎక్కింది. తీసుకోని వాళ్లలో 27 నుంచి 36కే. మొదటి గుంపులో ఒకరు, రెండో గుంపులో నలుగురు చనిపోయారు.

ఇరవై మందితో ప్రపంచానికి రూలు రాయలేం. యూరప్‌లో ఈ మాత్ర వాడకం ఎక్కువ, అమెరికాలో జంకు ఎక్కువ. రక్తం గడ్డకట్టే ముప్పు ఉంది కాబట్టి హెపారిన్‌తో కలిపే ఇస్తారు. అసలు ఇబ్బంది ఏమిటంటే, మాత్ర వేస్తే పాలు ఆగిపోతాయి. జర్మనీలో డబ్బా పాలకు తరుగు లేదు, మంచినీళ్లకు అనుమానం లేదు. రోజుకూలి ఇంట్లో పాల డబ్బా ఖర్చు, సీసా శుభ్రం, బిడ్డకు విరేచనాల భయం అన్నీ త్రాసులో వేయాలి. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి పేరుతో తల్లిపాల బ్యాంకు ఉంది, కానీ అది ముఖ్యంగా నెలలు నిండని పసికందుల కోసం. పంపింగ్ 20కి పడిపోయిన తల్లి విషయంలో నేనైతే ముందు తల్లిని చూడమంటాను. 40 ఉన్న తల్లి విషయంలో అంత గట్టిగా అనలేను.

హబ్సిగూడలో దొరికిన 25 అక్షరాలు

హైదరాబాద్ హబ్సిగూడలోని జన్యు పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్ బృందం 2009లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ఒక సంగతి బయటపెట్టింది. గుండె కండరానికి సంబంధించిన మైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన మనుషులు దక్షిణాసియాలో నూటికి సుమారు నలుగురు ఉన్నారు. మిగతా ప్రపంచంలో ఈ లోపం దాదాపు లేదు. ఇది ఉన్నవాళ్లకు గుండె కండర జబ్బు వచ్చే అవకాశం 7 రెట్ల దాకా ఎక్కువని అప్పుడు లెక్కగట్టారు. వేల ఏళ్ల కిందటి మార్పు ఇది. జబ్బు చాలావరకు నడివయసు దాటాక, అంటే పిల్లల్ని కన్నాక తలెత్తుతుంది, అందుకే తరాలు దాటి వస్తూనే ఉంది. ఈ ఒక్క లోపమే జబ్బు తేదని, తోడుగా ఇంకో మార్పు ఉండాలని తర్వాతి పరిశోధనలు అంటున్నాయి.

పురిటి జబ్బులోనూ వంశం పాలుంది. 2016లో 172 మంది పీపీసీఎం రోగుల జన్యువులు చదివితే 15 శాతం మందిలో కండర జబ్బుకు సంబంధించిన లోపాలు కనిపించాయి. అందులో ఎక్కువ భాగం టైటిన్‌లో. మనిషి ఒంట్లో అన్నిటికంటే పెద్ద ప్రొటీన్ అది. అంటే గుండె ముందే కొంత బలహీనంగా ఉంది, గర్భం వచ్చి దాన్ని బయటపెట్టింది. మీ అమ్మకో మేనత్తకో చిన్న వయసులో గుండె పెరిగి పోయారని ఇంట్లో చెప్పుకుంటుంటే, గర్భం ఖాయమైన రోజే డాక్టర్‌తో అనండి.

కోలుకుంటారా?

చాలామంది కోలుకుంటారు. 49 దేశాల 739 మంది మహిళల రిజిస్ట్రీలో ఆరు నెలలకు 46 శాతం మంది గుండె మామూలు స్థితికి వచ్చింది, 6 శాతం మంది చనిపోయారు. అమెరికాలో 100 మందిని ఏడాది పాటు చూస్తే 70 శాతానికి పైగా కోలుకున్నారు. కోలుకోవడంలో జబ్బు ఎప్పుడు పట్టుబడిందన్నది ఒక ముఖ్యమైన అంశం. పంపింగ్ 30 కంటే దిగకముందే దొరికినవాళ్లు త్వరగా లేస్తారు. బాగానే ఉంది కదా అని మూడో నెలలో సొంతంగా మాత్రలు మానేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. బాగుండటానికి కారణమే ఆ మాత్రలు. ఎకో మళ్లీ తీసి, డాక్టర్ చెప్పాకే ఒక్కొక్కటిగా తగ్గిస్తారు.

రెండో బిడ్డ సంగతి

మొదట ఆడపిల్ల పుడితే రెండోదానికి ఇంట్లో ఒత్తిడి మొదలయ్యేదెప్పుడో మనందరికీ తెలుసు. 2001లో గుండె వైద్యుడు యూరి ఎల్కయం బృందం పీపీసీఎం తర్వాత మళ్లీ గర్భం దాల్చిన 44 మందిని చూసింది. గుండె మామూలు స్థితికి వచ్చినవాళ్లలో 21 శాతం మందికి లక్షణాలు తిరగబెట్టాయి, ఎవరూ చనిపోలేదు. పూర్తిగా కోలుకోనివాళ్లలో 44 శాతం మందికి తిరగబెట్టింది, 19 శాతం మంది చనిపోయారు. ఈ రెండు వరుసల అంకెలు కాగితం మీద రాసి అత్తమామల ముందు పెట్టాల్సిన బాధ్యత డాక్టర్‌ది, చూసేదాకా కూర్చోబెట్టాల్సిన బాధ్యత భర్తది.

గర్భం రాకుండా ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వీళ్లకు పడవు, రక్తం గడ్డకడుతుంది. కాపర్ టీ వేయించుకోవచ్చు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అంటే మన దగ్గర ఆడవాళ్లకే అన్న లెక్క ఉంది, గుండె పంపింగ్ 35 ఉన్న ఆడమనిషికి మత్తిచ్చి పొట్ట కోయడం కంటే భర్తకు వేసెక్టమీ చేయడం వెయ్యి రెట్లు భద్రం. కత్తి పెట్టకుండా చేసే పద్ధతిని 1974లో చైనా డాక్టర్ లీ షున్‌చియాంగ్ కనిపెట్టారు, పావుగంట పని, అదే రోజు ఇంటికి. ఒక్కటే మెలిక. ఆపరేషన్ అయిన మూడు నెలల తర్వాత వీర్యం పరీక్ష చేసి కణాలు లేవని తేలేదాకా దాన్ని నమ్మకూడదు. నలభై రోజుల సెలవు మీద దుబాయ్ నుంచి వచ్చిన మనిషి దిగిన వారంలోనే చేయించుకోవాలి, ఈలోపు కండోమ్ వాడాలి, పరీక్ష మళ్లీ సెలవుకు వచ్చినప్పుడైనా చేయించుకోవాలి.